మందు మిగలాలంటే

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆసుపత్రిలో ఒక రోగి జబ్బు మరో రోగికి అంటకుండా చూడటం నా వృత్తి. అందుకని ఆయన జీవితాన్నీ, ఆయన మందులనూ నేను ఆ వైపు నుంచే చూస్తాను. ఆయన ఏమేం కనిపెట్టారో ఈ సభలో చాలామందికి తెలుసు. ఆ మందులు ఈనాడు ఎంతవరకు పనిచేస్తున్నాయి, రేపు కూడా పనిచెయ్యాలంటే మనం ఏం చెయ్యాలి అన్నది ఆయన తరవాత పుట్టినవాళ్లం వేసుకోవలసిన ప్రశ్న.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. అంటురోగం రాకుండా ఆపడమే మందును కాపాడుకోవడం. నేను బీపీ మాత్ర వేసుకుంటే మీరు వేసుకునే బీపీ మాత్ర బలం ఏమీ తగ్గదు. యాంటీబయాటిక్ సంగతి వేరు. నేను అనవసరంగా మింగిన యాంటీబయాటిక్ రేపు మీ బిడ్డ అవసరానికి పనిచెయ్యకపోవచ్చు. వాడినకొద్దీ తరిగిపోయే ఉమ్మడి ఆస్తి అది. ఇన్ఫెక్షన్ రాని మనిషికి ఆ ఆస్తిలోంచి తియ్యవలసిన పనే లేదు.

అంటురోగాల నడుమ ఒక జీవితం

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన ఇంకా యువకుడిగా ఉండగానే ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. పేగులు తిండిని పీల్చుకోలేక, విరేచనాలతో మనిషి చిక్కి, ఒంట్లో రక్తం క్షీణించిపోయే జబ్బు అది. తరవాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు ముగించి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదివారు.

అక్కడ ఖర్చులకు డబ్బు చాలక ఒక ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపు పాత్రలు ఖాళీ చేసి శుభ్రం చెయ్యడం ఆ ఉద్యోగం. ఈ సంగతిని ఆయన పడిన కష్టాలకు గుర్తుగా చెబుతుంటారు. కష్టం సంగతి నిజమే. అయితే ఆ పని వైద్యంలో ఒక భాగమని కూడా మనం గుర్తించాలి. బెడ్‌పాన్ సరిగ్గా కడగని వార్డులో విరేచనాలు మంచం నుంచి మంచానికి పాకుతాయి. రాత్రిపూట దాన్ని సక్రమంగా కడిగే మనిషి, పగలు మందు రాసే డాక్టరుతో సమానంగా ప్రాణాలు కాపాడుతాడు.

1940లో సుబ్బారావుగారు అమెరికాలోనే మందులు తయారుచేసే లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. ఆయన సారథ్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తోబుట్టువులను తీసుకుపోయిన స్ప్రూలో క్షీణించే రక్తాన్ని తిరిగి నిలబెట్టేది ఆ విటమినే. బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడినుంచే వచ్చింది. ఈనాడు మన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే. ఇక ఆరియోమైసిన్. డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ సంస్థలో చేరి రకరకాల మట్టి నమూనాలను పరీక్షించి, మిస్సోరీ రాష్ట్రపు నేలలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ కుటుంబపు మందులు ఈనాటికీ మనకు కావాలి. వానాకాలం, చలికాలం మన జిల్లాల్లో వచ్చే స్క్రబ్ టైఫస్‌నే తీసుకోండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడుతుంది. కుట్టినచోట నల్లటి పెచ్చు కడుతుంది. అది చంకలోనో గజ్జలోనో ఉంటే ఎవరూ చూడరు. జ్వరం తగ్గక, ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ దెబ్బతినేదాకా వెళ్తుంది. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ చాలు. చాలా చవక మందు. సుబ్బారావుగారి బృందం తెరిచిన దారిలోనే వచ్చింది.

మందు ఎలా అరిగింది

ఆరియోమైసిన్ వచ్చిన కొద్దికాలానికే లెడర్లీ శాస్త్రవేత్తలు మరో సంగతి గమనించారు. ఆ మందు కలిసిన దాణా తిన్న కోడిపిల్లలు తొందరగా బరువెక్కుతున్నాయి. 1950 నుంచి యాంటీబయాటిక్ కలిపిన దాణా వ్యాపారంగా పెరిగింది. జబ్బు లేని జంతువులకు రోజూ కొద్దికొద్దిగా మందు పెట్టడమన్నమాట.

దాని ఫలితం ఏమిటో 1976లో అమెరికా శాస్త్రవేత్త స్టూవర్ట్ లెవీ బృందం చూపించింది. ఒక ఫారంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. వారం తిరిగేసరికి ఆ కోళ్ల పేగుల్లోని ఈ. కోలై బ్యాక్టీరియా దాదాపు అంతా ఆ మందుకు లొంగనిదిగా మారింది. కొన్ని నెలలకు ఫారంలో ఉండే కుటుంబం పేగుల్లోనూ లొంగని బ్యాక్టీరియా కనిపించింది. ఆ ఇంట్లోవాళ్లు ఆ మందు మింగలేదు. మందు కోళ్లకు పెడితే దాని నష్టం మనుషులకు చేరింది.

సుబ్బారావుగారు పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వేలాది కుటుంబాలకు అదే బతుకుతెరువు. మన దేశం నుంచి వెళ్లిన రొయ్యల్లో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడి, విదేశాలు సరుకును తిప్పిపంపిన సందర్భాలు ఉన్నాయి. రైతును నిందించి ప్రయోజనం లేదు. చెరువులో జబ్బు పడితే ఒక్క రాత్రిలో పెట్టుబడి పోతుందన్న భయంతో ఉన్నవాడికి, మందుల దుకాణంవాడు చెప్పిందే వైద్యం. మంచి చేప పిల్ల, రొయ్య పిల్ల, చెరువులో తగినంత గాలి, కిక్కిరిసిపోని సంఖ్య, దగ్గర్లో పరీక్షాకేంద్రం, ఇవి ఉంటే చాలావరకు మందు అవసరమే పడదు. ఆసుపత్రికైనా చెరువుకైనా సూత్రం ఒక్కటే.

మనుషుల దగ్గరికి వద్దాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్‌కు ఏ ప్రభావమూ లేదు. అయినా మూడు రోజుల జలుబుకు మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి తీసుకుంటాం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, సెలైన్ అడిగి పెట్టించుకుంటాం. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందని గుర్తు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం, కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లు అమ్మితే దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టరులో రాయాలి. ఈ రెండింటినీ మనందరం ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందుకు లొంగని బ్యాక్టీరియా ప్రత్యక్ష కారణమని అంచనా. పరోక్షంగా దాని పాత్ర ఉన్నవీ కలిపితే 49.5 లక్షలు. కొత్త మందులు ఈ వేగానికి తగ్గట్టు రావడం లేదు. కాబట్టి ఇన్ఫెక్షన్లు తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉన్న దారి. అది ఎక్కడ మొదలవ్వాలి? ఆసుపత్రిలోనే.

చేతుల సంగతి

వియన్నా జనరల్ హాస్పిటల్‌లో 1840ల్లో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవారు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల విభాగంలో బాలింత జ్వరంతో వందకు దాదాపు 10 మంది చనిపోయేవారు. మంత్రసానుల విభాగంలో నలుగురు. తమను రెండో విభాగంలో చేర్చమని గర్భిణులు బతిమాలుకునేవారు. 1847లో అక్కడి డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ సహచరుడొకరు శవపరీక్ష చేస్తుండగా కత్తి గాయమై, అచ్చం బాలింత జ్వరం లాంటి జబ్బుతోనే చనిపోయారు. దాంతో సెమ్మెల్‌వైస్‌కు విషయం అర్థమైంది. డాక్టర్లు శవాల గదిలోంచి నేరుగా ప్రసూతి గదికి వస్తున్నారు. మంత్రసానులు శవాల గదికి వెళ్లరు. ఆ మే నెల నుంచి అందరూ క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని ఆయన కట్టడి చేశారు. ఏప్రిల్‌లో వందకు 18గా ఉన్న మరణాలు జూన్‌లో రెండుకు పడిపోయాయి.

అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడలేదు. పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. తమ చేతులే తల్లులను చంపుతున్నాయని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. సెమ్మెల్‌వైస్ 1865లో మానసిక చికిత్సాలయంలో, గాయం చీముపట్టి చనిపోయారు.

ఇప్పుడు మన వార్డుకు రండి. ఉదయం డ్యూటీలో ఉన్న ఒక స్టాఫ్ నర్సు వెంట నడుద్దాం. మొదటి మంచం మీద షుగరు జబ్బుతో కాలు పుండుపడిన పెద్దాయన. ఆమె కట్టు విప్పి, దూది తీసి, పుండు చూసింది. చేతికి గ్లౌజులు ఉన్నాయి. ఇంతలో పక్క మంచం మీద సెలైన్ ఆగిపోయిందని కేక. అవే గ్లౌజులతో వెళ్లి సెలైన్ గొట్టం మూత తిప్పి, చక్రం సర్దింది. ఆ మూత తిన్నగా రక్తనాళంలోకి దారి. అక్కడినుంచి మూడో మంచం. నిన్ననే కడుపు ఆపరేషన్ అయిన అమ్మాయి. దిండు సర్ది, మంచం చువ్వ పట్టుకుని, కేసు షీటు మీద రాసింది. రౌండుకు వచ్చిన డాక్టరు అదే కేసు షీటు తీసుకుని, అదే చేత్తో ఆ అమ్మాయి పొట్ట మీద కట్టు ఎత్తి చూశాడు. మొదటి మంచం మీది పుండులోని సూక్ష్మజీవి పదినిమిషాల్లో మూడు మంచాలు దాటింది. మంచం చువ్వల మీద, కేసు షీట్ల మీద కొన్ని రకాల బ్యాక్టీరియా వారాల తరబడి బతికుంటుంది.

ఆ నర్సుది నిర్లక్ష్యం అనలేం. ఆమె చేతికింద నలభై మంది రోగులు. వార్డు మొత్తానికి చివర ఒకే సింకు. ఒక్కోసారి నీళ్లుండవు, ఒక్కోసారి సబ్బుండదు. ప్రతిసారీ అక్కడికి నడిచి వెళ్లి కడుక్కోమంటే ఆమె డ్యూటీ అంతా నడకకే సరిపోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచం పక్కనే ఆల్కహాలు ద్రావణం సీసా ఉండాలంటుంది. ఇథనాల్, గ్లిసరాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, మరగబెట్టి చల్లార్చిన నీళ్లు కలిపి దాన్ని ఆసుపత్రి ఫార్మసీలోనే తయారుచేసుకోవచ్చు. 20, 30 సెకన్లు చేతులంతా రుద్దుకుంటే చాలు. చేతికి రక్తమో మలమో అంటితే మాత్రం సబ్బూ నీళ్లే కావాలి, 40 నుంచి 60 సెకన్లు.

ఎప్పుడు శుభ్రం చేసుకోవాలో ఐదు సందర్భాలు గుర్తుపెట్టుకోవాలి. రోగిని ముట్టుకునే ముందు. సూది, గొట్టం, కట్టు లాంటి పనికి ముందు. రక్తం, మలమూత్రాలు తగిలే అవకాశమున్న పని తరవాత. రోగిని ముట్టుకున్న తరవాత. రోగి మంచాన్నో వస్తువులనో తాకిన తరవాత. గ్లౌజులు తొడుక్కున్నా ఈ ఐదూ తప్పవు. ఒక రోగికి వాడిన గ్లౌజులు ఆ రోగి దగ్గరే తీసెయ్యాలి.

గొట్టాలు, సూదులు, చెత్త

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో, సంపన్న దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ వస్తుంది. అలా వచ్చినవారిలో సగటున పదిమందికి ఒకరు చనిపోతారు. జబ్బు నయం చేసుకుందామని వచ్చి కొత్త జబ్బు తెచ్చుకోవడం కన్నా అన్యాయం ఏముంటుంది?

వీటిలో చాలావరకు గొట్టాల వెంట వస్తాయి. మూత్రపు గొట్టం వేసి ఉంచిన ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం వందకు మూడు నుంచి ఏడు వంతులు పెరుగుతూ పోతుంది. పక్క తడవకుండా ఉంటుందని గొట్టం వెయ్యడం, అవసరం తీరాక తియ్యడం మరిచిపోవడం మన వార్డుల్లో మామూలు. “ఈ గొట్టం ఈ రోజు కూడా అవసరమా?” అని రౌండులో రోజూ అడగాలి. మూత్రం సంచి ఎప్పుడూ పొట్ట కన్నా కిందికి ఉండాలి, అలాగని నేలకు ఆనకూడదు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఇవి డబ్బుతో వచ్చేవి కావు, పట్టింపుతో వచ్చేవి.

పట్టింపు ఎంత మార్చగలదో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం నిరూపించింది. అక్కడ వందకు పైగా ఐసీయూల్లో పెద్ద రక్తనాళంలో గొట్టం వేసేటప్పుడు ఐదే పనులు తప్పనిసరి చేశారు. చేతులు కడుక్కోవడం, ఒంటినిండా శుభ్రమైన ముసుగులు వేసుకుని రోగినీ కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు గజ్జల దగ్గర గొట్టం వెయ్యకపోవడం, అవసరం తీరగానే తీసెయ్యడం. డాక్టరు ఒక్కటి మరిచినా ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. మూడు నెలల్లో సగానికి పైగా ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్లు సున్నాకు చేరాయి. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇందులో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది నర్సుకు ఇచ్చిన ఆ అధికారం. “సార్, చేతులు కడుక్కోలేదు” అని నర్సు చెప్పగలిగిన ఆసుపత్రిలో రోగి క్షేమంగా ఉంటాడు.

సూది విషయం ఇంకా తీవ్రం. హెపటైటిస్ బీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోనివారికి ఆ జబ్బు వచ్చే అవకాశం వందకు 30 దాకా ఉంటుంది. హెచ్ఐవీకి అది వెయ్యికి మూడు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 2009లో గుజరాత్‌లోని మోదాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బీ ప్రబలి, పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బీ టీకాను దేశంలోనే తయారుచేసి, దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే అందించింది. మన దగ్గరే తయారైన ఆ టీకాను మన ఆసుపత్రుల్లో సూదులు ఏరే ప్రతి మనిషికీ వేయించి ఉన్నామా?

నేను అడుగుతున్నది ముఖ్యంగా శానిటేషన్ వర్కర్ల గురించి. 2016 నిబంధనల ప్రకారం ఆసుపత్రి చెత్తకు రంగులు ఉన్నాయి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు, సూది తీసిన సిరంజీలు ఎరుపులో, సూదులు, బ్లేడ్లు చిల్లుపడని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వెయ్యాలి. డాక్టరో నర్సో తొందరలో పసుపు సంచిలో పడేసిన సూది, చివరికి ఆ సంచి మోసే మనిషి కాలికో చేతికో గుచ్చుకుంటుంది. ఆమె కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. వార్డులో పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ముతోపాటు సూక్ష్మజీవులు లేస్తాయి కాబట్టి తడి గుడ్డతోనే తుడవాలని, హైపోక్లోరైట్ నీళ్లు ఏ రోజుకా రోజు కొత్తగా కలపాలని ఆమెకు ఎవరు నేర్పారు? నేర్పకుండా, టీకా వెయ్యకుండా, గట్టి గ్లౌజులూ బూట్లూ ఇవ్వకుండా ఆసుపత్రి శుభ్రంగా ఉండాలని కోరుకునే హక్కు మనకు లేదు.

కిటికీలు

చేతులతో ఆగని జబ్బులు ఉన్నాయి. క్షయ వాటిలో ముఖ్యమైనది. ప్రపంచంలో క్షయ బారిన పడేవారిలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రోగి దగ్గినప్పుడు వెలువడే అతి సన్నని తుంపరలు ఎండి, గదిలో గంటల తరబడి తేలుతాయి. ఆ గాలి బయటికి పోవాలి.

పెరూ రాజధాని లిమాలో ఆసుపత్రుల గదులను కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కిటికీలు, తలుపులు తెరిచి ఉంచితే గదిలో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే గదుల్లో 12 సార్లే. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న 1950కి ముందటి భవనాలు కొత్తవాటికన్నా మెరుగని తేలింది. మన పాత సర్కారీ దవాఖానాలను కట్టినవాళ్లు కూడా ఎత్తైన కప్పులు, నిలువెత్తు కిటికీలతోనే కట్టారు. మనం వాటికి అడ్డంగా బీరువాలు పెట్టి, వరండాలకు అద్దాలు బిగించి, ఏసీలు పెట్టి మూసేశాం. దగ్గుతో వచ్చినవాళ్లను ఓపీలో విడిగా, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, ముక్కూ నోరూ కప్పే మాస్కు ఇచ్చి, ముందుగా చూసి పంపడం ఏ పీహెచ్‌సీలోనైనా సాధ్యమే.

ఊరు బాగుంటే

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది ఊరు వదిలిపెట్టారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గుళికలు దొరకలేదు. ఆ మందు ప్లేగును అదుపు చేసింది. సుబ్బారావుగారి బృందం మొదలుపెట్టిన కుటుంబపు మందే అది. కానీ మరుసటి ఏడు సూరత్‌ను మార్చింది మందు కాదు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ప్రతి ఉదయం అధికారులను గదుల్లోంచి వీధుల్లోకి పంపారు. చెత్త ఎత్తించారు, మురుగు కాలువలు తవ్వించారు, మురికివాడలకు నీళ్లూ మరుగుదొడ్లూ ఏర్పాటుచేశారు. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలోకెల్లా శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మందు మంటను ఆర్పింది. ఆ మంట మళ్లీ అంటుకోకుండా చూసింది మునిసిపాలిటీ.

మన ఊళ్లకు అన్వయించుకుందాం. మంచినీళ్ల పైపు మురుగు కాలువ పక్కనే పోతుంది. రోజుకు గంట నీళ్లొదిలి ఆపేస్తే ఖాళీ పైపు చుట్టూ ఉన్న మురుగును పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలంలో కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు అలా వస్తాయి. కుళాయి చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పంచాయతీలో చిన్న పరీక్ష పెట్టెతో ఎవరైనా చూడవచ్చు. వెయ్యి లీటర్ల నీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు చాలు. అది కలిపిన గంటకు నీళ్లు వాడాలి.

డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. పది రోజుల్లోపు గుడ్డు దోమ అవుతుంది. అందుకే వారానికొకసారి తొట్లు, కూలర్లు, పూలకుండీల పళ్లేలు ఖాళీ చెయ్యాలంటారు. వంపేస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలి. పాత్ర గోడకు అంటుకున్న గుడ్లు తడి లేకుండా నెలలు బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. బోదకాలు దోమ మురుగునీటిలో పెరుగుతుంది. డీఈసీ మాత్ర రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది. ఊళ్లో ఎక్కువమంది ఒకేసారి మింగితే దోమకు అందించడానికి పురుగే ఉండదు. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్ర జేబులో వేసుకుని తరవాత మింగుతామంటే ఊరంతటికీ నష్టం. 2027 నాటికి బోదకాలును దేశంలో లేకుండా చెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నాం. సుబ్బారావుగారి మాత్ర చేతిలో ఉండి ఈ పని పూర్తిచెయ్యకపోతే ఆయన పేరు మీద సభలు పెట్టుకుని లాభం లేదు.

టీకా గురించి ఒక ఉదాహరణ చెబుతాను. 2016లో పాకిస్తాన్‌ సింధు రాష్ట్రంలోని హైదరాబాద్‌లో ఒక టైఫాయిడ్ మొదలైంది. సాధారణంగా వాడే మందుల్లో దాదాపు దేనికీ లొంగలేదు. అజిత్రోమైసిన్‌తో పాటు ఐసీయూల్లో వాడే ఖరీదైన సూదిమందులే మిగిలాయి. 2019లో ఆ దేశం పిల్లలకు టైఫాయిడ్ టీకా మొదలుపెట్టింది. ఆ టీకా మన హైదరాబాద్‌లో తయారైంది. మందులు ఓడిపోయినచోట నివారణ గెలిచింది. 2016లో దేశంలో మొదటగా, పసిపిల్లల విరేచనాలను ఆపే రోటావైరస్ టీకా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విరేచనాలు రాని పసిబిడ్డకు వాటి కోసం ఎవరూ అనవసరపు యాంటీబయాటిక్ రాయరు. టీకా వేసిన ప్రతి బిడ్డా ఒక మందు కోర్సును మిగిల్చినట్టే.

విన్నపాలు

ముగించే ముందు కొన్ని విన్నపాలు.

ఆసుపత్రి యాజమాన్యాలకు: ప్రతి మంచం దగ్గరా ఆల్కహాలు సీసా, ప్రతి సింకు దగ్గరా సబ్బు, శానిటేషన్ వర్కర్లందరికీ హెపటైటిస్ బీ టీకా, శిక్షణ. ఇన్ఫెక్షన్ల లెక్క రాసి, నెలనెలా మీ సిబ్బంది ముందు పెట్టండి.

డాక్టర్లకు: యాంటీబయాటిక్ రాసే ముందు కల్చర్‌కు పంపండి. రాసిన మందు ఏ రోజు ఆపాలో కేసు షీటులో అప్పుడే రాయండి. నర్సు మిమ్మల్ని ఆపితే ఆమెకు కృతజ్ఞత చెప్పండి.

నర్సింగ్ విద్యార్థులకు: మీరు నేర్చుకునే అన్ని నైపుణ్యాల్లోనూ చేతులు శుభ్రం చేసుకోవడమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. చిన్న పని అని ఎవరన్నా నమ్మకండి.

రోగుల బంధువులకు: మన ఆసుపత్రుల్లో రోగికి అన్నం పెట్టేది, ఒళ్లు తుడిచేది మీరే. మంచం మీద కూర్చోకండి. ఐసీయూలో ఉన్నవారిని పలకరించడానికి పదిమందిని వెంటబెట్టుకు రాకండి. జలుబూ జ్వరమూ ఉంటే ఫోన్‌లో పలకరించండి, అది మర్యాదలోటు కాదు. మీ రోగిని ముట్టుకునే డాక్టరును “చేతులు కడుక్కున్నారా అండీ” అని అడిగే హక్కు మీకుంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ చెప్పినన్నాళ్లూ వాడండి. మిగిలిపోయినవి పక్కింటివారికి ఇవ్వకండి.

సుబ్బారావుగారి విగ్రహాలు ఇంకా పెట్టుకుందాం. ఆయన జీవితం పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా రావాలని అడుగుదాం. దానితోపాటు రేపు డ్యూటీకి వెళ్లే ప్రతి ఒక్కరూ ఒక పని చెయ్యండి. మీ వార్డులో సింకు దగ్గర సబ్బు ఉందో లేదో చూడండి. లేకపోతే తెప్పించేదాకా వదలకండి. ఆయన ఇచ్చిన మందులు మన మనవల కాలానికి కూడా పనిచెయ్యాలంటే చెయ్యవలసిన మొదటి పని అదే.